డూప్లికేటని నేను తీసేసిన బడి

తాండూరు వైపు నా గురించి ఒక మంచిమాట తిరుగుతోంది. కన్నడ మీడియం బడి ఒకటి సర్కారు లెక్కల్లో గల్లంతైతే, వికారాబాద్ నుంచి ఒకాయన కంప్యూటర్‌లో వెతికి పట్టుకుని, అది మూతపడకుండా కాపాడాడట. ఆ ఒకాయన నేనే. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. జ్ఞాపికలో గడియారం కూడా ఉంది, నడవదు. ఇప్పుడు నౌకరి వదిలేసి ఇంటిపట్టున ఉంటున్నాను కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. సర్కారు లెక్క శుభ్రంగా, సరిగ్గా ఉంది. బడిని గల్లంతు చేసింది నేను.

ఆన్‌లైన్‌లో దొరికే గణాంకాలతో పరిశోధనలు చేస్తున్న కుర్రవాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం. బడుల వివరాలు ప్రభుత్వమే వెబ్‌సైట్‌లో పెడుతుందని మీకు తెలుసు. ఏ బడిలో ఎందరు పిల్లలు, ఎందరు టీచర్లు, ఎన్ని గదులు, నల్లా ఉందా, ఉంటే అందులో నీళ్లొస్తాయా, అన్నీ ఉంటాయి. పైసా కట్టనక్కర్లేదు, ఏ గుమాస్తానూ బతిమాలనక్కర్లేదు. వికారాబాద్‌లో చెప్పుల దుకాణం మీది గదిలో మా చిన్న సంస్థ ఉండేది. ఆ లెక్కలను దింపుకుని, శుభ్రం చేసి, చార్టులు గీసి, మామూలు మాటల్లో రాసి మా వెబ్‌సైట్‌లో పెట్టడం నా పని. శుభ్రం చేసిన ఫైలు కూడా పక్కనే పెట్టేవాళ్లం, కావలసినవాళ్లు తీసుకుని వాడుకుంటారని.

శుభ్రం చేయడమంటే నాకు మహా గర్వం. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తాగినచోటే వదిలేసే మనిషిని, ఆఫీసులో మాత్రం ఒక ఖాళీ గడి కనిపిస్తే అన్నం సహించేది కాదు. నా ఎదురు బల్ల దగ్గర, మర్పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి కూర్చునేది. ఒకప్పుడు బళ్లో విద్యావలంటీరుగా పాఠాలు చెప్పింది. నన్ను అన్నా అని పిలిచేది, అన్నను పట్టించుకునేది కాదు.

"అన్నా, నువ్వు ఎన్నడన్న తాండూర్ల దిగినవా?" అని ఒకరోజు అడిగింది.

"దిగుడెందుకు? ఈడ కూసుంటె జిల్లా మొత్తం కనవడ్తది."

"కనవడ్తది, సరే. వినవడ్తదా మరి?"

రైలెక్కితే గంటలోపు తాండూరు. నేను మాత్రం ఆ గంట కూడా ఖర్చు చేయలేదు. లెక్కలుండగా ప్రయాణాలెందుకనేది నా సిద్ధాంతం. అలాంటి సిద్ధాంతం పెట్టుకున్నవాడికి కుర్చీ మెత్తగా ఉందని అర్థం.

ఇక తప్పు సంగతి. దేశంలో ప్రతి బడికీ ఒక పొడుగాటి నంబరుంటుంది. పేర్లు కలిసినా నంబర్లు కలవవు. పిల్లల లెక్క ఒక ఫైలులో, టీచర్ల లెక్క మరో ఫైలులో వస్తే, ఆ నంబరును పట్టుకుని రెండింటినీ జతచేయాలి. నేను దాచుకున్న ఫైలులో ఎక్సెల్ ఆ నంబర్లను తనకు తోచినట్లు కుదించి, చివరి అంకెలను మింగేసింది. మళ్లీ దింపుకుంటే సరిపోయేది. ఆ రోజు నెట్టు నెమ్మదిగా ఉంది, నేను దానికంటే నెమ్మదిగా ఉన్నాను. నంబరుతో పనేముంది, బడి పేరుతో జతచేద్దామనుకున్నాను.

తాండూరులో ఒకచోట ఒకే పేరుతో, ఒకే వీధిలో మూడు వరుసలు కనిపించాయి. పాపం ఎవరో ఆపరేటరు ఒక బడిని మూడుసార్లు ఎక్కించాడనుకుని రెండింటిని తీసేశాను. మౌసుతో ఒక్క నొక్కు. ఇటు పిల్లల పట్టికలో ఒక్క బడి పిల్లలే మిగిలారు. అటు టీచర్ల పట్టికలో పేరు ఒకటే కాబట్టి మూడు బడుల టీచర్లూ వచ్చి ఆ ఒక్క బడి నెత్తిన కూర్చున్నారు. బడికో చుక్క చొప్పున చార్టు గీస్తే, జిల్లా చుక్కలన్నీ గుంపుగా ఒకచోట, ఈ చుక్క ఒక్కటే అలిగి పైమూలకు పోయినట్లు నిలబడింది.

"గా చుక్క ఒక్కటే గంత దూరం పోయిందేందన్నా? జర ఫోన్ చేసి అడుగుదమా?" అంది మర్పల్లి అమ్మాయి.

"చుక్క దూరం పోతెనే వార్త. గుంపుల ఉంటె ఎవడు చదువుతడు?"

"పిల్లలు పిడికెడు, పంతుళ్లు గంపెడు" అని శీర్షిక పెట్టి వెబ్‌సైట్‌లోకి ఎక్కించాను. నా జీవితంలో నేను రాసినదేదీ అంత వేగంగా తిరగలేదు. పొద్దున పెడితే సాయంత్రానికి మా బావమరిది నాకే పంపాడు, "ఇది చదువు బావా, సర్కార్ బడులు గిట్లున్నయ్" అంటూ. ఒక పత్రిక జిల్లా పేజీలో కూడా వచ్చింది. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ గణాంకాల మీద జరిగే సభలో మాట్లాడమని పిలుపొచ్చింది. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

చొక్కా దర్జీ దగ్గరి నుంచి వచ్చిన రోజే, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది.

"నమస్కారం సార్. తాండూర్‌కెల్లి మాట్లాడుతున్న. కన్నడ మీడియం బడి టీచర్ని."

"చెప్పండమ్మా."

"ఏం లేదు సార్, ఒక్క ముచ్చట అడుగుదామని. మీ లెక్కల మా బడి లేదంట గద. మరి నేను పొద్దుగాల్నే తయారై రోజు ఎటు పోతున్న సార్? మా ఆయన అడిగితె ఏం చెప్పాలె?"

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఆమె ఆపేసింది, నేను ఇంకొంచెం సేపు ఒంటరిగా నవ్వి ఆపాను.

"వచ్చే వారం జిల్లా విద్యాశాఖ మేడం వస్తుందంట సార్. ఇక్కడ బడి ఒక్కటే, టీచర్లు ఎక్కువైన్రని నన్ను వేరే ఊరికి పంపుతరంట. నేనంటె ఎటన్న పోత, నౌకరైతె ఉంటది. పిల్లలే ఆగమైతరు. వాళ్ల అమ్మనాయినలు బండల పాలిష్ కాడ పని చేస్తరు, ఇంట్ల కన్నడం. మా బడి లేకుంటె పొద్దుగాల ఈళ్లను గూడ ఆడికే తోల్కపోతరు. ఒక్కసారి చూడుండ్రి సార్."

చూస్తానన్నాను. డబ్బా మూతపెట్టి, ఈసారి ఫైలును కొత్తగా దింపాను. మూడు వరుసలూ ఉన్నాయి. మూడింటికీ మూడు నంబర్లున్నాయి. పక్కనే మాధ్యమం అనే గడి ఉంది, తెలుగు, ఉర్దూ, కన్నడం. ఒకే గోడ లోపల ఒకే పేరుతో మూడు బడులు. తాండూరు బజారులో పది అడుగులు నడిచిన ఎవరికైనా వినిపించే సంగతి అది. నేను వాటిలో ఒకదాన్ని ఉంచి, రెండింటిని చెత్త కింద ఊడ్చేశాను.

అప్పుడే ఒక్క ముక్క రాసి ఉంటే ఈ జ్ఞాపకానికి ఇంత పొడుగు ఉండేది కాదు. రాయలేదు. మేడం స్వయంగా వస్తోంది కదా, చూస్తే ఆమెకే తెలుస్తుంది, నేను మధ్యలో బదనాం కావడమెందుకనుకున్నాను. ఎదురుగా కొక్కేనికి కొత్త చొక్కా వేలాడుతోంది.

తనిఖీ రోజు మమ్మల్ని కూడా రమ్మన్నారు. కనిపెట్టింది మేమే కదా మరి. రైల్లో మర్పల్లి అమ్మాయి పల్లీలు ఒలుస్తూ నా వైపు చూసింది.

"మొఖం గట్ల పెట్టినవేందన్నా?"

"కడుపుల మంట."

"చార్టు గిట్ల తిన్నవా?"

బడి గేటు ఒకటే. లోపలికి పోగానే గోడ మీద మూడు లిపుల్లో మూడు బోర్డులు, ఒకదాని పక్కన ఒకటి. మర్పల్లి అమ్మాయి వాటిని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చదివి నా మొహం చూసింది. నేను చెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను పరిశీలిస్తున్నట్లు నటించాను. మూడు బడులకూ అదే గంట.

మేడం కారు దిగేసరికి అక్కడ గొడవ మొదలైంది. ఆమె ముందు ఎవరి దగ్గరికి రావాలని. తెలుగు హెడ్మాస్టరు భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. "మేడం, ముందుగాల మా రూంకు రావాలె, చాయ్ పెట్టిచ్చిన." ఉర్దూ హెడ్మాస్టరు సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా నిలబడి, "మేడం, మా చాయ్ దమ్ మీద ఉన్నది, ఆలస్యమైతె ఖరాబైతది" అన్నాడు. కన్నడ టీచరుకు ఆఫీసు గది లేదు. ఉన్నది ఒక్క తరగతి గది. దాని గుమ్మంలో కుర్చీ వేసి, ఇంటి నుంచి తెచ్చిన అల్లం మజ్జిగ చెంబు చేతిలో పట్టుకుని నిలబడింది. చెంబును కొంచెం పైకెత్తి చూపించింది.

మేడంకు షుగరు ఉందట. పాపం, తెలుగు చాయ్ తాగింది, ఉర్దూ చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంది. మళ్లీ తెలుగు హెడ్మాస్టరు గదికే వచ్చి కూర్చుంది. మూలన కంప్యూటర్ల అట్టపెట్టెలు విప్పకుండా పేర్చి ఉన్నాయి.

"ఇవేంది, ఇంక సీలు గూడ తీయలే?"

"పెట్టనీకి గది లేదు మేడం."

"గదా?" మేడం నా చార్టు ముద్రించిన కాగితాన్ని బల్ల మీద పరిచింది. "ఈళ్ల లెక్క ప్రకారం ఈడ బడి ఒక్కటే. ఒక్కటే అయితె ఆ కన్నడ గది మీకే వస్తది గద. హెడ్మాస్టర్ మీరు. చెప్పండి, ఒక్కటేనా, వేరేనా?"

ఆయన అట్టపెట్టెల వైపు చూశాడు. గుమ్మం దగ్గర చెంబుతో నిలబడ్డ కన్నడ టీచరు వైపు చూడలేదు. ఒక్క "అవును" అంటే ఆయనకు గది, ఆమెకు బదిలీ, ఆమె పిల్లలకు బండల దుమ్ము. ఆ "అవును"కు అవసరమైన సాక్ష్యమంతా నేనే సిద్ధం చేసి, రంగుల్లో ముద్రించి ఇచ్చాను. నేను నోరు తెరిస్తే అది ఆగుతుంది. నా నోట్లో పల్లీ పొట్టు తప్ప ఏమీ కదలలేదు.

"మేడం," అన్నాడు హెడ్మాస్టరు. "ఉన్నది చెప్పాల్నా?"

"ఉన్నదే చెప్పండి."

"ఈమెతోని నేను నల్లా కాడ కొట్లాడిన. గంట కాడ కొట్లాడిన. పంద్రాగస్టుకు జెండా ఎవరు ఎగరెయ్యాల్నని ప్రతిసారి కొట్లాడిన. నా బడి టీచరైతె ఇంత కష్టమెందుకు మేడం? ఒక్క మెమో ఇస్తుంటి, సప్పుడు జేయకుండ కూసుంటుండె. మెమో ఇయ్యరాదు గన్కనే గద గింత నోరు నొప్పి! వేరే బడే మేడం. నూటికి నూరు పాళ్లు వేరే బడి."

"మెమో ఇచ్చినా నేను సప్పుడు జేస్త సార్," అంది గుమ్మం దగ్గరి నుంచి కన్నడ టీచరు.

"చూసిన్రా మేడం?"

"నాతోని గూడ రోజు లడాయే మేడం," అన్నాడు ఉర్దూ హెడ్మాస్టరు, తన బడిని కూడా ఎక్కడ కలిపేస్తారోనని వెనక నుంచి తొందరపడుతూ.

మేడం నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కళ్లు తుడుచుకుని, "ఒక్క బడిల ఇంత లడాయి పట్టదు. ఇవి మూడే," అని నా కాగితాన్ని మడిచేసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి ఆ మజ్జిగ కూడా తాగింది. తిరిగొచ్చి నన్ను అడిగింది. "మరి మీ కంప్యూటర్ల మూడు బడులు ఒక్కటెట్ల అయినయ్యా?"

అందరూ నా వైపు తిరిగారు. బడి ఎలాగూ నిలబడింది, ఇక నేను పడిపోతే నష్టమేముంది? "నా తప్పు" అనడానికి అంతకంటే చవకైన సమయం జీవితంలో దొరకదు.

"సర్కార్ పోర్టల్ల కొన్నిసార్లు గిట్ల కలిసిపోతయి మేడం," అన్నాను. "అందుకే వచ్చి చూసుడు మంచిదని మేమనుకున్నం."

మర్పల్లి అమ్మాయి తల దించుకుంది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో నా పక్కన ఖాళీ ఉన్నా ఎదురు సీటులో కూర్చుంది.

"అన్నా, పోర్టల్ల కలిసినయా, నువ్వు కలిపినవా?"

నేను కిటికీలోంచి కందిచేలు చూశాను.

"సరే తియ్," అంది. "కడుపుల మంట ఏడికెల్లి వచ్చిందో సమజైంది."

తర్వాతిదంతా సంబరం. సర్కారు లెక్కల్లో దారితప్పిన బడిని మా సంస్థ వెతికి పట్టిందని మా డైరెక్టరు పత్రికలకు రాసి పంపాడు. నేను పాత చార్టు తీసేసి, "గల్లంతైన బడి దొరికింది" అని కొత్త వ్యాసం పెట్టాను. హైదరాబాద్ సభలో కొత్త చొక్కా వేసుకుని, క్షేత్రానికి వెళ్లి చూడటం ఎంత ముఖ్యమో ఉపన్యసించాను. చప్పట్లు కొట్టారు. చేసిన తప్పుకు ఇంత గిట్టుబాటు కావడం నేను ఎక్కడా చూడలేదు.

ఒక్క పని మాత్రం చేయలేదు. నేను శుభ్రం చేసిన ఫైలును వెబ్‌సైట్ నుంచి తీయలేదు. తీస్తే ఎందుకు తీశావని ఎవరైనా అడుగుతారు. ఉండనిచ్చాను. జనం దింపుకుంటూనే ఉన్నారు. దింపుకున్నవాళ్ల చార్టుల్లో, వ్యాసాల్లో, ఆ చార్టులు చూసి గీసిన చార్టుల్లో, తాండూరులో ఆ గోడ లోపల ఒక్క బడే ఉంది. ఆన్‌లైన్‌లో తప్పుకు కాళ్లుంటాయి, దిద్దుబాటును మనమే మోసుకుపోవాలి. ఇది నాకు మరుసటి ఏడు తెలిసింది.

ఫోన్ మళ్లీ మోగింది.

"సార్, కన్నడ బడి టీచర్ని. మల్ల మాయమైన సార్."

ఎవరో దాతలు బడులకు పెద్ద టీవీలు ఇస్తున్నారట. ఏ బడులకు ఇవ్వాలో ఇంటర్నెట్‌లో దొరికిన జాబితా చూసి నిర్ణయించారట. అది నా ఫైలే. ఆ గేటు లోపలికి ఒక్క టీవీ వచ్చింది, తెలుగు బడికి.

"వంతులు పెట్టుకున్నం సార్. టీవీ ఆయన రూంల, రిమోట్ ఉర్దూ సార్ జేబుల. నాకు వైరు మిగిలింది." తర్వాత అంది, "మీరు మంచిగ చేసిన్రు సార్ గప్పుడు, మా పిల్లలకు గూడ చెప్పిన. జర మల్లొకసారి గా పోర్టల్ వాళ్లకు చెప్పరాదు?"

ఆమె ఆ రోజు నా మాట నమ్మింది. నేను ఊహించిన తిట్లేవీ ఇంత గట్టిగా తగిలి ఉండేవి కావు.

"అమ్మా, పోర్టల్ల తప్పు లేకుండె," అన్నాను. "మీ బడిని తీసేసింది నేను. మేడం వచ్చిన నాడు గూడ నాకు ఎరుకే."

ఫోన్‌లో వెనకాల పిల్లల గోల వినిపించింది.

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

"సిగ్గయింది."

"ఇప్పుడు సిగ్గు పోయిందా సార్?"

"పోలేదమ్మా. ఉండంగనే చెప్తున్న."

"అట్లయితె నాకు ఫోన్ల చెప్తె సరిపోదు," అంది. "లేరని రాసింది పిల్లల్ని. వచ్చి వాళ్లకు చెప్పుండ్రి."

ఆ వారమే ఫైలు తీసేసి, సరైనది పెట్టి, పైన నా పేరుతో ఏం తప్పు చేశానో, ఎప్పుడు తెలిసిందో, ఎందుకు దాచానో రాశాను. టీవీల వాళ్లకు రాశాను. ఫైలు వాడుకున్నవాళ్లు ఎందరు దొరికితే అందరికీ రాశాను. కొందరు దిద్దుకున్నారు, ఎక్కువమంది జవాబివ్వలేదు. "శాలువా గూడ కప్పినం గదయ్యా, ఇప్పుడు గీ పాత ముచ్చట ఎందుకు తవ్వినవ్?" అని డైరెక్టరు బాధపడ్డాడు. నన్ను తీసేయలేదు. కొన్నాళ్లకు నేనే మానేశాను, అది మోకాళ్ల వల్ల. చెప్పుల దుకాణం మెట్లు నిటారుగా ఉండేవి. మర్పల్లి అమ్మాయి నేను రాసిన సవరణ చదివి, వాక్యనిర్మాణంలో రెండు తప్పులు దిద్ది, నా పక్కన పల్లీల పొట్లం పెట్టింది.

తాండూరుకు ఒక్కణ్నే వెళ్లాను. ఆ ఒక్క గదిలో అన్ని తరగతుల పిల్లలూ బండల మీద గోనెపట్టీలు పరుచుకుని కూర్చున్నారు. నేను తెలుగులో చెప్పాను, టీచరు కన్నడంలో చెప్పింది. నాది రెండు ముక్కలు, ఆమెది చాలాసేపు సాగింది. ఏం కలిపిందో నాకు తెలియదు. మధ్యలో ఒక పిల్ల లేచి ఏదో అడిగింది, గదంతా పకపకా నవ్వింది.

"ఏమంటుంది?"

"గప్పుడు మీకు కండ్లద్దాలు లేకుండెనా అని అడుగుతుంది."

ఉన్నాయని చెప్పాను. అది కూడా అనువాదమైంది. మళ్లీ నవ్వారు.

"కూసోండి సార్," అంది టీచరు. "ఇంక హాజరు తీస్కోలె."

ఒక్కొక్క పేరూ పిలిచింది. "అదీన్రీ టీచర్!" ఉన్నానండీ అని. కొందరు మామూలుగా అన్నారు, కొందరు నా వైపు తిరిగి చెవులు చిల్లులు పడేలా అన్నారు. ఒక పేరు దగ్గర మాత్రం జవాబు రాలేదు. ఆమె రెండోసారి పిలవకముందే గది మొత్తం అరిచింది. "అదాళ్రీ టీచర్! నీరిగె హోగ్యాళ!"

ఉందట. నీళ్లకు పోయిందట.

టీచరు కలాన్ని ఆ పేరు మీదే నిలిపి, గుమ్మం వైపు చూస్తూ ఆగింది. తర్వాతి పేరుకు పోలేదు, గైర్హాజరు వేయలేదు. పిల్లలు కూడా ఆగారు. అవతల నల్లా దగ్గర తెలుగు హెడ్మాస్టరు ఎవరినో కేకలేస్తున్నాడు. కాసేపటికి ఒక చిన్నపిల్ల, తడిసిన గౌనుతో, నిండిన సీసాను రెండు చేతులా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో కొత్త మనిషిని చూసి తటపటాయించి, నన్ను దాటి పోయి తన చోట కూర్చుని, రొప్పుతూ "అదీన్రీ" అంది.

టీచరు టిక్కు పెట్టి, తర్వాతి పేరు పిలిచింది.